పూల్ ఆడాలంటే హాల్‌కి వెళ్ళాలా, బార్‌కి వెళ్ళాలా?

మా పాత రూమ్‌మేట్ తమ్ముడు ఈ మధ్యే ఎంఎస్‌కని డల్లాస్ వచ్చాడు, ఇంజినీరింగ్ అంతా దిల్‌సుఖ్‌నగర్‌లో చదివి సగం అటెండెన్స్ స్నూకర్ పార్లర్‌లోనే పోగొట్టుకున్న రకం. వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) కూడా రాలేదు, "అన్నా ఇక్కడ పూల్ ఎక్కడ ఆడతారు" అని ఫోన్. పూల్ అంటే స్నూకర్ లాంటిదే, పొడుగాటి కర్రతో తెల్ల బంతిని కొట్టి మిగతా బంతుల్ని టేబుల్ పాకెట్లలో వెయ్యడం. పూల్ హాల్‌కి (టేబుళ్ళు గంటల లెక్కన అద్దెకిచ్చే చోటు) వెళ్దామా బార్‌కి వెళ్దామా అంటే "ఏముందన్నా, టేబుల్ ఎక్కడైనా టేబులే కదా" అన్నాడు. సర్లే అని ఒక వారం బార్‌కి, ఇంకో వారం హాల్‌కి తీస్కెళ్ళా. ఆ రెండో రోజు ఇంటికొస్తూ కార్‌లో వాడు అడిగినవి, నేను చెప్పినవి, ఆ హడావిడిలో చెప్పకుండా వదిలేసినవి అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నా. నేను డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్ చుట్టుపక్కల ఏళ్ళ తరబడి ఆడుతున్నా, ఇప్పటికీ గొప్ప ప్లేయర్‌ని కాదు, కానీ రెండు చోట్లా డబ్బులు బాగానే తగలేశా కాబట్టి ఆ మాత్రం చెప్పే హక్కు ఉందనుకుంటున్నా.

మొత్తం చదివే ఓపిక లేనోళ్ళకి: ఆట నేర్చుకోవాలనుంటే హాల్‌కి పోండి, అదీ వీక్‌డే మధ్యాహ్నమో సాయంత్రం పెందలాడేనో. ఊళ్ళో ఎవరూ తెలీదు, నలుగురితో పరిచయాలు కావాలి అంటే బార్‌కి పోండి, కానీ ఊరికే పోవద్దు, లీగ్‌లో (టీములు కట్టి వారం వారం ఆడే పోటీలో) చేరి పోండి. మిగతాదంతా ఈ రెండు మాటలకి వివరణ, ఇంకా ఈ హాళ్ళు ఎన్నాళ్ళుంటాయి అన్న నా బాధ.

ముందు టేబుల్ సంగతి. బార్‌లో ఉండేది 7 అడుగుల టేబుల్, దాన్ని ఇక్కడ బార్ బాక్స్ అంటారు. పేరుకి 7 అడుగులు గానీ బంతులు దొర్లే జాగా చూస్తే దాదాపు 39 అంగుళాల వెడల్పు, 78 పొడుగు. హాల్‌లో పెద్ద టేబుల్ 9 అడుగులది, 50 కి 100 అంగుళాలు. చెప్తే ఏదో కొంచెం తేడాలా అనిపిస్తది గానీ లెక్కేస్తే హాల్ టేబుల్ ఏరియా బార్ టేబుల్ కంటే ఒకటిన్నర రెట్ల పైనే. ఇండియాలో 12 అడుగుల స్నూకర్ టేబుల్ మీద ఆడొచ్చినోడికి బార్ టేబుల్ చూడగానే క్యారమ్స్ బోర్డు గుర్తొస్తది, మా తమ్ముడు కూడా నవ్వాడు, తర్వాత వరసగా నాలుగు గేములు ఓడాడు. ఎందుకంటే చిన్న టేబుల్ మీద కూడా అవే 15 బంతులు, అదే సైజు బంతులు, జాగా మాత్రం తక్కువ, అన్నీ గుంపుగా ఇరుక్కుని ఉంటాయి, పాకెట్ కనపడతా ఉంటది గానీ దారిలో ఎవడో అడ్డం ఉంటాడు. దూరం కొట్టే సత్తా ఇక్కడ పెద్దగా అక్కర్లేదు, ఏ బంతి తర్వాత ఏది అన్న ఆలోచన కావాలి. పెద్ద టేబుల్ మీద దీనికి పూర్తిగా ఉల్టా, దారులన్నీ తెరిచే ఉంటాయి గానీ ఆ చివర్నుంచి ఈ చివరికి సూటిగా కొట్టడం రావాలి, చెయ్యి అర మిల్లీమీటర్ వంకర పోయినా పాకెట్ దగ్గరికొచ్చేసరికి తప్పు పెద్దదై కూర్చుంటది. అందుకే స్ట్రోక్ (కొట్టే తీరు) నేర్చుకోవడానికి 9 అడుగుల టేబులే మంచిది, మీ తప్పుల్ని అది దాచదు.

చిన్న టేబుల్ అంటే చిన్నచూపు మాత్రం వద్దు. అమెరికన్ పూల్ ఛాంపియన్ విల్లీ మోస్కోనీ 1954లో ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక్కటి కూడా మిస్ కాకుండా వరసగా 526 బంతులు వేసిన ఎగ్జిబిషన్ రికార్డు అరవై ఏళ్ళ పైన నిలిచింది, 2019లో జాన్ ష్మిట్ 626 వేసేదాకా. మోస్కోనీ అది వేసింది 8 అడుగుల టేబుల్ మీద. బార్‌లో కూర్చుని ఈ మాట అంటే కనీసం ఒక గంట వాదన గ్యారంటీ, ట్రై చేసి చూడండి.

బార్‌లో అసలు మోసం చేసేది టేబుల్ కంటే ఎక్కువగా ఆ తెల్ల బంతి. డబ్బులేసే టేబుల్ కదా, పాకెట్లో పడ్డ బంతులన్నీ లోపల లాక్ అయిపోవాలి, తెల్లది ఒక్కటే బయటికి రావాలి. మరి అది తెల్లదని టేబుల్‌కి ఎలా తెలుస్తది? పాత టేబుళ్ళలో తెల్ల బంతి సైజే కొంచెం పెద్దగా చేసేవాళ్ళు, మామూలు బంతి 57 మిల్లీమీటర్లు అయితే అది 60 ఉండేది, సైజుని బట్టి వేరే గొట్టంలోకి వెళ్ళేది. తర్వాత లోపల ఇనుము లాంటిది పెట్టి మాగ్నెట్‌తో లాగే బంతులొచ్చాయి. మంచివైతే పర్లేదు, పాతవి, చవకవి మాత్రం మిగతా బంతుల కంటే బరువుంటాయి. బరువుంటే ఏమైతది అంటే, హాల్‌లో కొట్టిన చోటే ఠక్కున ఆగాల్సిన బంతి ఇక్కడ ఆగకుండా ముందుకి పాకతది, వెనక్కి లాగుదామని కింద కొడితే సగమే వస్తది, ఫాలో (ముందుకి దొర్లడం) మాత్రం అడక్కుండానే వెళ్ళిపోతది. హాల్‌లో నెల రోజులు కష్టపడి నేర్చుకున్న, బంతిని వెనక్కి లాగే డ్రా షాట్ బార్‌లో పనిచెయ్యట్లేదంటే మీ చెయ్యి పాడైపోయిందని కంగారు పడకండి, బంతి వేరు అంతే.

గుడ్డ కూడా అంతే. హాల్ కాస్త పద్ధతైనదైతే సిమోనిస్ కంపెనీది లాంటి నున్నటి ఉన్ని గుడ్డ వేస్తారు, బంతి జారుతున్నట్టు పోతది. బార్‌లో నూగు ఉన్న దళసరి గుడ్డ, దాని మీద బీరు, చికెన్ వింగ్స్ సాస్, ఎవడో టేబుల్ మీద ఎక్కి కూర్చున్న గుర్తులు, గట్టిగా కొడితే గానీ కదలదు. క్యూలైతే (బంతిని కొట్టే కర్రలు) చెప్పక్కర్లేదు, గోడకున్న ఆరింటిలో నాలుగు వంకర, ఒకదానికి కొసన ఉండాల్సిన తోలు టిప్పే ఉండదు. తీసుకునే ముందు టేబుల్ మీద దొర్లించి చూడండి, తల ఊపుకుంటూ దొర్లితే వెనక్కి పెట్టేయండి. వారానికి ఒకసారైనా ఆడేటోళ్ళయితే వంద, నూటయాభై డాలర్లలో సొంత క్యూ కొనుక్కోండి, ఆ తర్వాత టేబుల్ ఏదైనా కనీసం చేతిలో ఉన్నది మారదు. ఒక్క మాట, టెక్సాస్ ఎండల్లో దాన్ని కార్ డిక్కీలో వదిలెయ్యొద్దు, నా మొదటి క్యూ ఒక ఆగస్టు నెలలోనే విల్లులా తయారైంది.

ఇంక రూల్స్. హాల్‌లో మీ టేబుల్ మీది, గంటకి ఇంత అని కట్టారు, మీ ఇష్టం, ఒకే షాట్ యాభై సార్లు కొట్టుకున్నా ఎవడూ ఏమీ అనడు. బార్‌లో టేబుల్ ఊరందరిది. ఆడాలంటే రెయిల్ (టేబుల్ అంచు) మీద క్వార్టర్లు (పాతిక సెంట్ల బిళ్ళలు) పెట్టాలి లేదా బోర్డు మీద పేరు రాయాలి, మీ వంతొచ్చాక డబ్బులు మీరే వెయ్యాలి, బంతులు పేర్చేది కూడా మీరే, గెలిచినోడు నిలబడతాడు, ఓడినోడు వెళ్ళి మళ్ళీ లైన్ చివర చేరతాడు. అంటే కొత్తోడు అరగంట నిలబడి ఐదు నిమిషాలు ఆడతాడు. దానికి తోడు ఒక్కో బార్‌కి ఒక్కో రాజ్యాంగం. ఫౌల్ అయితే తెల్ల బంతిని ఎక్కడైనా పెట్టుకోవచ్చు అనేది టోర్నమెంట్ రూల్, చాలా బార్లలో గీత వెనకే పెట్టాలంటారు. పాకెట్ ముందే చెప్పి కొట్టాలా, గుడ్డిగా పడ్డా లెక్కేనా, చివర్లో వెయ్యాల్సిన ఎనిమిదో బాల్ మీద ఆడుతున్నప్పుడు తెల్లది పడిపోతే గేమ్ పోయినట్టా కాదా, ఇవన్నీ బ్రేక్ (పేర్చిన బంతుల్ని చెదరగొట్టే మొదటి షాట్) కొట్టకముందే అడిగేయండి. తర్వాత అడిగితే గొడవే, అదీ రాత్రి పదకొండు దాటాక అడిగితే ఇంకా పెద్ద గొడవ.

డబ్బులు పెట్టి ఆడదాం అనేటోళ్ళు కూడా బార్‌లోనే తగులుతారు. నాకు మొదటి ఏడాది ఒక పెద్దాయన తగిలాడు, బేస్‌బాల్ టోపీ, బార్ గోడ మీది వంకర క్యూనే పట్టుకున్నాడు, మొదటి రెండు గేములు నా మీద ఓడిపోయి "నువ్వు బాగా ఆడుతున్నావ్ బాబూ" అని మెచ్చుకుని, ఐదు డాలర్లకి ఒకటి ఆడదామా అన్నాడు. ఐదు కాస్తా పది, పది కాస్తా ఇరవై అయ్యింది, ఇంటికెళ్ళేసరికి జేబులో అరవై డాలర్లు లేవు. మూడో గేమ్ నుంచి ఆయన చేతిలో అదే వంకర క్యూ మంత్రదండంలా పనిచేసింది, అప్పుడర్థమైంది క్యూలది ఏమీ లేదని. చిన్నప్పుడు తిరునాళ్ళలో మూడు ముక్కలాట వాడి దగ్గర పోగొట్టుకున్న డబ్బులు గుర్తొచ్చాయి.

ఖర్చు విషయానికొస్తే, బార్ చవక అని అందరూ అనుకుంటారు. మా వైపు బార్లలో గేమ్‌కి డాలరున్నర, రెండు డాలర్లు తీసుకుంటున్నారు, హాల్‌లో టేబుల్‌కి గంటకి పది నుంచి పదిహేను, వీకెండ్ రాత్రి ఇంకా ఎక్కువ. పైకి చూస్తే బార్ తక్కువే. కానీ గేమ్‌కి పది పన్నెండు నిమిషాలు పట్టిందనుకోండి, గంటకి ఐదు గేములు, రెండేసి డాలర్లయితే అక్కడే పది, హాల్ రేటు వచ్చేసింది. పైగా బార్‌లో మీ వంతు వచ్చేదాకా ఊరికే నిలబడలేరు, చేతిలో ఒక గ్లాసు ఉండాలి, ఆ గ్లాసు ఏడు డాలర్లు, టిప్పు వేరే. హాల్‌లో నలుగురు వెళ్ళి పంచుకుంటే గంటకి మనిషికి మూడు నాలుగు డాలర్లు, సినిమా టికెట్ కంటే నయం. స్టూడెంట్స్‌కైతే నా ఓటు కళ్ళు మూసుకుని హాల్‌కే. ఒక్కటి మాత్రం గమనించుకోండి, కొన్ని హాళ్ళలో టేబుల్‌కి కాకుండా మనిషికి ఇంతని లెక్కేస్తారు, ఆరుగురు పోతే ఆరు మీటర్లు తిరుగుతాయి, కౌంటర్ దగ్గరే అడిగి వెళ్ళండి. మధ్యాహ్నం పూట రోజంతటికీ ఒకే రేటు ఇచ్చే హాళ్ళు కూడా ఉన్నాయి, అలాంటిది మీ దగ్గర్లో ఉంటే అదృష్టవంతులు.

ఐడీ మర్చిపోవద్దు, 21 నిండకపోతే చాలా బార్లలో తలుపు దగ్గరే ఆపేస్తారు, మన మొహాలు చూసి వయసు పోల్చుకోలేరు కాబట్టి 35 ఏళ్ళోడిని కూడా అడుగుతారు. కొత్తగా వచ్చి డ్రైవర్ లైసెన్స్ ఇంకా రానోళ్ళు పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని బార్‌కి పోవడం నాకైతే భయమేస్తది, పోతే మళ్ళీ కాన్సులేట్ చుట్టూ తిరగాలి. హాల్ దగ్గర కొంచెం వెసులుబాటు ఉంటది, 18 నిండితే చాలు అనేవి, పగటి పూట పిల్లల్ని తల్లిదండ్రులతో రానిచ్చేవి ఉన్నాయి. మా నాన్న విజయవాడ నుంచి వచ్చినప్పుడు ఒక బుధవారం మధ్యాహ్నం హాల్‌కి తీస్కెళ్ళా. జీవితంలో క్యూ ముట్టుకోని మనిషి, కానీ క్యారమ్స్‌లో వీధి ఛాంపియన్, పది నిమిషాల్లో కట్ యాంగిల్స్ పట్టేశాడు, రీబౌండ్లయితే నాకంటే బాగా చూశాడు. ఆయన్ని బార్‌కి తీస్కెళ్ళడం ఊహించుకోలేను, ఆయన రాడు, నేను పిలవను.

పొగ సంగతి ఊరిని బట్టి. టెక్సాస్‌కి రాష్ట్రం మొత్తానికి కలిపి ఒక చట్టం లేదు, ఏ సిటీ రూల్ ఆ సిటీదే. డల్లాస్ సిటీ 2009లో బార్లకీ పూల్ హాళ్ళకీ కలిపి సిగరెట్ బంద్ చేసింది, ఫోర్ట్ వర్త్ బార్లలో 2018 దాకా ఆగింది. సిటీ హద్దు దాటిన చోట ఇంకా కాల్చే హాళ్ళు దొరుకుతాయి, అలాంటి చోటుకి వెళ్ళొస్తే చొక్కా బయటే విప్పి ఇంట్లోకి రావాల్సి వస్తది, మా ఆవిడ రూల్ అది. ఆవిడ మాటొచ్చింది కాబట్టి ఇది కూడా చెప్తా, తనకి హాల్ ఇష్టం, బార్ ఇష్టం లేదు, కారణం బార్‌లో షాట్‌కి వంగిన ప్రతిసారీ ఎవడో ఒకడు అడక్కపోయినా కోచింగ్ మొదలెడతాడంట. లీగ్ రాత్రి మాత్రం అదే బార్‌కి హాయిగా వస్తది, టీమ్ ఉంటది కదా.

లీగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇవాళ అమెరికాలో బార్లలో పూల్ టేబుళ్ళు ఇంకా మిగిలున్నాయంటే సగం కారణం అదే. ఏపీఏ అని పెద్ద లీగ్ ఉంది, అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్, టెర్రీ బెల్, లారీ హబ్బర్ట్ అని ఇద్దరు ప్రొఫెషనల్ ప్లేయర్లు 1979లో మొదలెట్టారు, ఆఫీసు మిస్సోరీలో. వాళ్ళ తెలివంతా హ్యాండిక్యాప్‌లో ఉంది. ఎయిట్ బాల్‌లో ప్రతి ప్లేయర్‌కి 2 నుంచి 7 దాకా ఒక నంబర్ ఇస్తారు, నంబర్ పెద్దదైతే గెలవాల్సిన గేములు ఎక్కువ. టీమ్‌లో ఎనిమిది మంది దాకా ఉండొచ్చు, ఒక రాత్రికి ఐదుగురు ఆడతారు, ఆ ఐదుగురి నంబర్లు కలిపితే 23 దాటకూడదు. దీని వల్ల ఏమైతదంటే పులుల్నే ఏరుకుని టీమ్ కట్టలేరు, ఇద్దరు పెద్ద నంబర్లోళ్ళని ఆడించాలంటే లెక్క సరిపోవడానికి 2, 3 నంబర్లోళ్ళు కావాలి. అంటే కొత్తోడికి డిమాండ్! "నాకు ఆట సరిగా రాదు" అని సిగ్గుపడి లీగ్‌లో చేరనోళ్ళని చూస్తే నవ్వొస్తది, అయ్యా, రాదు కాబట్టే మిమ్మల్ని వెతుక్కుంటున్నారు.

ఇప్పుడు బార్ ఓనర్ వైపు నుంచి చూడండి. మంగళవారం రాత్రి, ఖాళీ బార్. లీగ్ ఉంటే రెండు టీములు, పది పదహారు మంది, ఏడింటికి వచ్చి పదకొండు దాకా కదలరు, తింటారు, తాగుతారు, వారం వారం వస్తారు. టేబుల్ మీద వచ్చే క్వార్టర్లు ఆయనకి పెద్ద లెక్క కాదు, చాలా చోట్ల ఆ టేబులే ఆయనది కాదు, మెషీన్లు పెట్టే కంపెనీది, వచ్చిన చిల్లర ఇద్దరూ పంచుకుంటారు. ఆయనకి కావాల్సింది ఆ మంగళవారం జనం. లీగ్ లేని బార్‌లో మాత్రం టేబుల్ ఎప్పుడు పోతదా అన్నట్టే ఉంటది. నేను ఇక్కడికొచ్చినప్పుడు ఆడిన బార్లలో రెండింట్లో ఇప్పుడు టేబుల్ లేదు, ఒక చోట డైనింగ్ వేశారు, ఇంకో చోట బాణాలేసే మెషీన్లు, గోడకి ఆనించి పెడితే చాలు కాబట్టి.

హాల్ కష్టం ఇంకోరకం. దాన్ని చంపుతున్నది బార్ కాదు, చదరపు అడుగు. 58 అంగుళాల క్యూ నాలుగు వైపులా వెనక్కి లాగడానికి జాగా కావాలంటే 9 అడుగుల టేబుల్ చుట్టూ సుమారు 14 కి 18 అడుగుల గది కావాలి, అంటే 250 చదరపు అడుగులు. పక్కపక్కన వేసి జాగా పంచుకుంటే కొంత తగ్గుతది, అయినా ఇరవై టేబుళ్ళ హాల్ అంటే నాలుగైదు వేల అడుగుల మాటే. అదే 250 అడుగుల్లో రెస్టారెంట్ వాడు మనిషికి పదిహేనడుగుల లెక్కన పదహారు మందిని కూర్చోబెడతాడు. హాల్ వాడి దగ్గర ఆ జాగాలో ఇద్దరు కుర్రాళ్ళు ఒక కోక్ చెరి సగం తాగుతూ మూడు గంటలు ఆడతారు. డల్లాస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో వైపు అద్దెలు పెరిగిన తీరు మన తెలుగోళ్ళకి నేను చెప్పాలా, ఇళ్ళు కొన్నదీ మనమే, పెంచిందీ కొంత మనమే. లీజు అయిపోయే రోజు వచ్చిందంటే హాల్ వాడి గుండె ఆగినంత పని.

సినిమా పుణ్యమా అని హాళ్ళకి మంచి రోజులు రెండు సార్లొచ్చాయి. 1961లో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ 'ది హస్లర్'లో ఆడాక జనం హాళ్ళ మీద పడ్డారు, ఆ వేడి చల్లారిపోయాక మళ్ళీ 1986లో అదే పాత్రతో 'ది కలర్ ఆఫ్ మనీ' వచ్చాక రెండో విడత. ఆ రెండోసారి సూటూబూటూ వేసుకుని వెళ్ళే పోష్ హాళ్ళు లేచాయి, 1988లో బోస్టన్‌లో మొదలైన జిలియన్స్ అలా పెద్ద చైన్ అయ్యి 2004కి దివాలా తీసింది. ఇప్పుడు మూడో సినిమా కోసం ఎదురుచూడటం అయ్యే పని కాదు, సినిమా చూసొచ్చిన జనం ఆర్నెల్లలో పోతారు, లీజు పదేళ్ళు ఉంటది.

2020లో కరోనా వచ్చినప్పుడు ఒక తమాషా జరిగింది. టెక్సాస్‌లో జూన్ ఆఖర్లో బార్లు మళ్ళీ మూసెయ్యమన్నారు, బార్ అంటే ఏది అన్నదానికి కొలత ఏంటంటే అమ్మకాల్లో 51 శాతం మందు మీద వస్తే బార్. దాంతో వంటగది ఉన్నోడు బతికాడు, మందు మీదే నడిచినోడు ఇరుక్కున్నాడు. ఆ దెబ్బతో చాలామంది హాల్ వాళ్ళకి బుర్గర్, పిజ్జా విలువ తెలిసొచ్చింది. ఇవాళ మా దగ్గర బాగా నడుస్తున్న హాళ్ళన్నీ సగం రెస్టారెంట్లే, పెద్ద టీవీలు, మంచి వంటగది, ముందు వైపు వెలుగు, వెనక వైపు టేబుళ్ళు. పైగా వాటిలోనే ఇప్పుడు 7 అడుగుల టేబుళ్ళు వేస్తున్నారు! కారణం మళ్ళీ లీగే, లీగోళ్ళ జాతీయ పోటీలు లాస్ వెగాస్‌లో 7 అడుగుల టేబుళ్ళ మీదే జరుగుతాయి, వాళ్ళకి ప్రాక్టీస్ కావాలి. బార్ టేబుల్ హాల్‌లోకి వచ్చేసింది, బార్ వంటలు హాల్‌లోకి వచ్చేశాయి, ఇంకో పదేళ్ళకి ఈ ప్రశ్న అడగాల్సిన పనే ఉండకపోవచ్చు. చీకటి గదిలో ఇరవై 9 అడుగుల టేబుళ్ళు, మూలన కాఫీ మెషీన్, గోడకి పాత ఫొటోలు, అలాంటి హాల్ మాత్రం పోయేవాటిలో ఉందని నా అనుమానం. షికాగోలో 'ది కలర్ ఆఫ్ మనీ' కొంత తీసిన క్రిసెస్ బిలియర్డ్స్ లాంటివి పేరు మీద బతుకుతాయి, పేరు లేనోళ్ళ సంగతే డౌట్.

నేను అలాంటి పాతకాలం హాల్ పోతే ఎందుకు బాధపడతానంటే, అక్కడ ఆట చూడటానికి కూడా వెళ్ళొచ్చు. మధ్యాహ్నం మూడింటికి ఒక రిటైరైన ముసలాయన ఒక్కడే మూల టేబుల్ మీద ఒకే షాట్ కొడుతూ ఉంటాడు, పక్క టేబుల్ మీద మీరు తప్పు చేస్తుంటే నాలుగు రోజులు చూస్తాడు, ఐదో రోజు వచ్చి మోచెయ్యి పట్టుకుని సరిచేస్తాడు, ఫీజు లేదు. నాకు స్టాన్స్ (షాట్‌కి నిలబడే తీరు) అలాగే వచ్చింది. బార్‌లో కోచింగ్ ఇచ్చేటోడికీ ఈయనకీ తేడా ఏంటంటే ఈయన ముందు చూశాడు. రేటింగ్ కావాలన్నా అలాంటి చోట జరిగే వీక్లీ టోర్నమెంట్లు పనికొస్తాయి. ఫార్గో రేటింగ్ అని ప్లేయర్ బలం చెప్పే నంబర్ ఒకటుంది, నార్త్ డకోటాలోని ఫార్గోలో పుట్టింది, ఇద్దరి మధ్య వంద పాయింట్లు తేడా ఉంటే బలమైనోడు రెండు గెలిచేలోపు రెండోవాడు ఒకటి గెలుస్తాడని లెక్క. ఒకసారి మీ నంబర్ చూసుకున్నాక బార్‌లో గెలిచిన గెలుపులు గొప్పగా చెప్పుకోవడం దానంతటదే తగ్గిపోతది.

హైదరాబాద్ నుంచి కొందరు ఇదే అడుగుతుంటారు, అక్కడ లెక్క వేరు. అక్కడ ఆట పార్లర్లలో పెరిగింది, మందు వాసన లేకుండా, చాయ్, సమోసాతో. మార్కర్ ఉంటాడు, బంతులు పెడతాడు, స్కోర్ రాస్తాడు, ఓడినోడు టేబుల్ డబ్బులు కడతాడు, ఆ ఒక్క రూల్‌తోనే ఆట సీరియస్ అయిపోతది. స్నూకర్ పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైన్యం మెస్‌లో, నెవిల్ చాంబర్లెయిన్ అనే ఆఫీసర్ పేరు మీద చెప్తారు (ప్రధానమంత్రి చాంబర్లెయిన్ కాదు, ఆ పొరపాటు నేను కూడా చాలా రోజులు చేశా). పబ్బుల్లో పూల్ టేబుల్ అనేది ఐటీ జీతాల తర్వాత వచ్చిన సోకు, ఫొటో దిగడానికి బాగుంటది. నేర్చుకోవాలంటే పార్లర్‌కే పోండి, ఒక ఏడాది 12 అడుగుల స్నూకర్ టేబుల్ మీద ఆడి ఇక్కడికొస్తే పాకెట్లన్నీ బిందెల్లా కనిపిస్తాయి. పొజిషన్ ఆట, బ్రేక్ మాత్రం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి, మా తమ్ముడి కష్టం అక్కడే.

హాల్ ఎంచుకునేటప్పుడు నేను చూసేవి మూడు నాలుగే. లోపలికెళ్ళగానే టేబుల్ మీద లైట్ చూస్తా, అంచుల దగ్గర నీడ పడుతుంటే అక్కడ ఆడలేం. ఒక బంతిని మెల్లగా అడ్డంగా దొర్లిస్తా, చివర్లో ఒక పక్కకి వంకర తిరిగితే టేబుల్ లెవెల్ పోయింది. బంతులు చేత్తో పట్టుకుంటే జిడ్డు తగులుతుందా లేదా. కౌంటర్ మీదున్నోడు ఆడతాడా లేదా అనేది నాలుగోది, ఆడేటోడైతే మిగతా మూడూ వాడే చూసుకుంటాడు. బార్‌కైతే అంత పరీక్ష వద్దు, టేబుల్ చుట్టూ క్యూ పట్టేంత జాగా ఉందా, స్తంభం అడ్డమొచ్చి పొట్టి క్యూతో కొట్టాల్సిన మూల ఉందా అని చూస్కోండి చాలు, మిగతాది సర్దుకోవాలి. తాగితే కార్ తీయొద్దు, వీసా మీదున్నోళ్ళకి అది ఫైన్‌తో పోయే విషయం కాదు.

మా తమ్ముడు చివరికి రెండూ పెట్టుకున్నాడు. మంగళవారం నాతో లీగ్, వాడి నంబర్ ఇప్పుడు 4, ఇంకో నెల ఆగితే 5 చేసేస్తారు, మా టీమ్ 23 లెక్క తప్పుతది, అందుకని కెప్టెన్ వాడికంటే ఎక్కువ టెన్షన్ పడుతున్నాడు. గురువారం క్లాస్ అయ్యాక ఒక్కడే ఆ పాత హాల్‌కి పోతున్నాడు, ముసలాయన పక్క టేబుల్ అడిగి తీస్కుంటాడంట. మొన్న నేను కౌంటర్ దగ్గర బిల్లు కడుతూ లీజు ఎప్పటిదాకా అని ఓనర్‌ని మాటవరసకి అడిగా. వచ్చే ఏడాది మార్చి అన్నాడు. వింగ్స్ ఒక ప్లేట్ ఎక్స్‌ట్రా చెప్పి ఇంటికి పార్సిల్ తెచ్చా.